పారేసే ముందు ఒకసారి చూడండి

(విజయనగరంలో కాబోయే తల్లిదండ్రుల కోసం పెట్టిన సమావేశంలో, పసిపిల్లల వార్డులో చాలాకాలం పనిచేసి రిటైరైన ఒక స్టాఫ్ నర్సు మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ బాబులు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. భార్యని ఇక్కడ కూర్చోబెట్టేసి బయట బండి దగ్గర ఫోను చూసుకుందాం అనుకుంటే ఇవాళ కుదరదు, సబ్జెక్టు సగానికి పైగా మీదే.

నన్ను పిలిచినవాళ్ళు ముందు పోషకాహారం మీద మాట్లాడమన్నారు. అది మీకు ప్రతి నెలా 9వ తారీఖు చెకప్‌లో చెబుతారు, అంగన్‌వాడీలో చెబుతారు, ఇంట్లో అత్తగారు పూటపూటా చెబుతారు. అడగాలని ఉండి కూడా సిగ్గేసి మీరు అడగనిది ఒకటుంది కదా, పిల్లలు దొడ్డికి వెళితే మనం ఏం చెయ్యాలి అని, దాని గురించి మాట్లాడతానన్నాను. అందుకే లోపలికొచ్చేటప్పుడు చీటీలిచ్చి, పేరు లేకుండా మీ భయాలు రాయమన్నాం. బాగానే రాశారు. కొన్ని చదువుతాను.

మొదటిది. "చిన్నప్పటి నుంచి అలాంటివి చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. నా బిడ్డది చూసి కూడా అసహ్యం వేస్తే ఎలా?" ఎవరు రాశారో అడగను. (నవ్వులు) నవ్వకండి, ధైర్యంగా రాశాడు. చూడు నాయనా, అసహ్యం వెయ్యడం తప్పేం కాదు, కుళ్ళినదానికి దూరంగా ఉండమని ఒళ్ళు చెప్పే మాట అది. కానీ నువ్వు ఊహించుకుంటున్నట్టు ఉండదు పసిబిడ్డ దొడ్డి. అన్నం, చేపల పులుసు తినే మనిషిది వేరు. తల్లిపాలు తప్ప ఇంకేమీ తాగని బిడ్డది కాస్త పులిసిన వాసన వస్తుంది, అంతే. అసలు వాసన ఆరు నెలలు దాటి అన్నం పెట్టడం మొదలయ్యాక వస్తుంది, అప్పటికి నీ ముక్కు రాటుదేలిపోతుంది. దీని మీద పరిశోధన కూడా చేశారు, నమ్ముతారా? 2006లో ఆస్ట్రేలియాలో తల్లుల్ని కూర్చోబెట్టి, సొంత బిడ్డది, పరాయి బిడ్డది వాడేసిన డైపర్లు వాసన చూపించారు. ఏది ఎవరిదో చెప్పకపోయినా సొంత బిడ్డదే తక్కువ వాసనగా ఉందన్నారట ఆ తల్లులు. ఎలా కనిపెట్టాయో ఆ ముక్కులు! తండ్రుల సంగతి వాళ్ళు చూడలేదు గానీ, వార్డులో నేను చూసినంతలో మగవాళ్ళకి కూడా ఆ అసహ్యం నాలుగు రోజులకి మించి నిలవదు. చేత్తో చెయ్యడం మొదలుపెడితేనే పోతుంది, ముక్కు మూసుకుని దూరంగా నిలబడితే మాత్రం పోదు.

ఆడపిల్లల్లో కూడా ఇద్దరు ముగ్గురు రాశారు, ఇప్పుడు పోపు వాసనకే వాంతవుతోంది, రేపు దీన్నెలా భరిస్తామని. అమ్మా, కడుపుతో ఉన్నప్పటి ముక్కు వేరు. కాన్పయ్యాక అది మామూలైపోతుంది, దాని గురించి బెంగ పెట్టుకోకండి.

ఇక ఎక్కువమంది రాసింది రంగు గురించి, ఎన్నిసార్లు అన్నదాని గురించి. ఇక్కడ కాస్త నిదానంగా వినండి, ఎందుకంటే పసిపిల్లల మీద అనవసరమైన కంగారంతా ఇక్కడే పుడుతుంది, అవసరమైన కంగారు పడకపోవడం కూడా ఇక్కడే జరుగుతుంది.

బిడ్డ మొదటిసారి వెళ్ళేది నల్లగా, ముదురు ఆకుపచ్చ కలిసినట్టు, తారులా అంటుకుపోతూ ఉంటుంది. డాక్టర్లు మెకోనియం అంటారు. కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డ మింగిన ఉమ్మనీరు, పేగుల్లో ఊరిన జిగురు, పైత్యరసం, అదంతా కలిసినది. చాలామంది పిల్లలు పుట్టిన 24 గంటల్లోపు వెళ్ళిపోతారు, దాదాపు అందరూ 48 గంటల్లోపు వెళతారు. 24 గంటలు దాటినా వెళ్ళలేదంటే డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి చెప్పండి. రెండో రోజు కూడా దాటిపోయి, కడుపు ఉబ్బుతూ, ఆకుపచ్చగా కక్కుతూ ఉంటే అది పేగు సమస్య కావచ్చు, ఇంటికి తీసుకెళ్ళే ప్రశ్నే లేదు. ఆ తారు ఒంటికి అంటుకుంటే పోదు, అదొక్కటే దాంతో ఇబ్బంది. ముందుగానే ముడ్డికి కాస్త కొబ్బరినూనె గానీ వాసెలిన్ గానీ రాసి ఉంచండి, ఒక్క తుడుపుకి వచ్చేస్తుంది.

ఈ నల్లది తొందరగా బయటికి రావాలంటే మందు ముర్రుపాలే. ఆ పసుపుపచ్చ చిక్కటి పాలకి పేగుల్ని కదిలించే గుణం ఉంది. పుట్టిన గంటలోపు పట్టించి, తర్వాత కూడా అడిగినప్పుడల్లా ఇస్తూంటే నల్లది త్వరగా దిగిపోతుంది. అది లోపలే నిలవుంటే అందులోని పచ్చరంగు మళ్ళీ రక్తంలోకి ఎక్కి కామెర్లు పెరుగుతాయి. అందుకే ముర్రుపాలు పిండి పారబోస్తామంటే మేం అంత గొడవ చేసేవాళ్ళం.

మూడు నాలుగు రోజులకి నలుపు తగ్గి ఆకుపచ్చ, గోధుమ కలిసిన రంగులోకి వస్తుంది. అయిదో రోజు దాటేసరికి పలచగా, ఆవపిండి కలిపినట్టు పసుపుపచ్చగా, మధ్యలో చిన్నచిన్న పలుకులతో కనబడుతుంది. సరిగ్గా ఇది చూసే ఇళ్ళల్లో టెన్షన్ మొదలవుతుంది. "ఏటమ్మా, పిల్లడికి నీళ్ళ విరేచనాలు, పాలు పట్టించినప్పుడల్లా అయిపోతన్నాయి" అని పరిగెత్తుకొస్తారు. అవి విరేచనాలు కావు. పొట్టలోకి పాలు దిగగానే కింద పేగు కదులుతుంది, పసిపిల్లల్లో అది మరీ ఎక్కువ, కాబట్టి తాగినప్పుడల్లా వెళ్ళే పిల్లలు ఉంటారు. రోజుకి ఎనిమిది, పది సార్లు వెళ్ళినా బిడ్డ హుషారుగా తాగుతూ బరువు పెరుగుతుంటే మీరేమీ చెయ్యనక్కర్లేదు. తల్లిపాలు ఆపి గ్లూకోజు నీళ్ళు పట్టడం అసలు వద్దు.

అదే బిడ్డ నెలా నెలన్నర దాటాక ఒక్కసారిగా నాలుగైదు రోజులు వెళ్ళడం మానేస్తాడు. ఇప్పుడు దానికి కంగారు! అప్పుడు ఎక్కువైందని ఏడ్చినవాళ్ళే ఇప్పుడు తక్కువైందని ఏడుస్తారు. తల్లిపాలు మాత్రమే తాగేవాడు, పొట్ట మెత్తగా ఉంది, పాలు తాగుతున్నాడు, ఉచ్చ బాగా పోస్తున్నాడు, వెళ్ళినప్పుడు మెత్తగానే వెళుతున్నాడు, అలాంటప్పుడు వారం దాకా ఆగినా మలబద్ధకం కాదు. గట్టిగా ఉండల్లా వస్తేనే మలబద్ధకం. కొందరు పిల్లలు వెళ్ళే ముందు మొహం ఎర్రగా చేసుకుని పది నిమిషాలు మూలుగుతారు, తీరా చూస్తే మెత్తగానే ఉంటుంది. ముక్కడం, కింద వదులు చెయ్యడం రెండూ ఒకేసారి చేతకాక పడే పాట్లు అవి, నేర్చుకుంటారు. దయచేసి తమలపాకు కాడకి ఆముదం రాసి పెట్టడం, సబ్బు చెక్క పెట్టడం వంటివి చెయ్యకండి. పుండు పడుతుంది, పైగా కాడ పెడితే తప్ప వెళ్ళని అలవాటు పడుతుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాట.

మా అమ్మమ్మల కాలంలో డైపర్లు లేవు. పాత పంచెలు, చీరలు చింపిన పొత్తిగుడ్డలే. పెరట్లో దండెం మీద ఎన్ని గుడ్డలు ఆరుతున్నాయో చూసి, బాలింత గదిలోకి వెళ్ళకుండానే "ఇవాళ పిల్లకి పాలు చాలలేదే" అనేసేది పెద్దావిడ. తడిసిన గుడ్డ కంటికి కనబడుతుంది, చేతికి తగులుతుంది. ఇప్పటి డైపర్ అలా కాదు. లోపల సోడియం పాలియాక్రిలేట్ అని పొడి ఉంటుంది, దాని బరువుకి ఎన్నో రెట్లు తడి పీల్చుకుని జెల్లు అయిపోతుంది. బిడ్డ ఒంటికి పొడిగా ఉండటం మంచిదే, నేను కాదనను. కానీ పుట్టిన మూడో రోజు బిడ్డ పోసేదే కొంచెం, ఆ కొంచెం ఉచ్చ అందులో పడితే పోశాడో లేదో మీకు తెలియదు. పొడిగానే ఉంది కదా అని అలాగే ఉంచేస్తారు, లేదంటే వాసన రాకముందే చుట్టి పారేస్తారు. ఏది చూడాలో అది చూడకుండానే పోతుంది.

పాలు సరిపోతున్నాయా లేదా అని ప్రతి తల్లికీ బెంగే. రొమ్ములో ఎన్ని పాలున్నాయో కొలవడానికి గీతల సీసా కాదు కదా. లెక్క కిందే ఉంది. మొదటి రోజు ఒకసారి ఉచ్చ పోసినా చాలు, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, అలా పెరుగుతూ అయిదారు రోజులకి 24 గంటల్లో కనీసం ఆరు సార్లు బాగా తడపాలి. దాంతో పాటు నలుపు పోయి పసుపు రావాలి. ఈ రెండూ జరుగుతుంటే పాలు చాలుతున్నాయి, పక్కింటావిడ ఏమన్నా పట్టించుకోకండి, డబ్బా పాలు కొనకండి. అయిదో రోజుకి కూడా నల్లగానే వెళుతూ, ఉచ్చ మూడు నాలుగు సార్లే ఉంటే మాత్రం పాలు సరిగా అందడం లేదు, బిడ్డ రొమ్ము పట్టుకునే తీరు ఎవరైనా చూడాలి. ఆశా కార్యకర్త మీ ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి, అదే ఆమె డ్యూటీ. మూడో రోజు, ఏడో రోజు వచ్చినప్పుడు గుడ్డల లెక్క చెప్పండి.

అందుకని నా సలహా, మొదటి వారం పది రోజులు పగలు గుడ్డలే వాడండి. రాత్రి ఒకటి రెండు డైపర్లు వేసుకుంటే వేసుకోండి, నిద్ర కూడా ముఖ్యమే. గుడ్డ కుదరదు, ఉతికేవాళ్ళు లేరు అంటే డైపర్ లోపల పలచటి కాటన్ గుడ్డ ముక్క ఒకటి వెయ్యండి, తడి దానిమీద తెలుస్తుంది. కొన్ని డైపర్లకి పసుపు గీత ఉంటుంది, తడిస్తే నీలంగా మారుతుంది, అది కూడా పనికొస్తుంది. మొదటి రెండు మూడు రోజులు గుడ్డ మీద ఇటుక పొడి రంగు మరక కనబడితే రక్తం అనుకుని బెదరకండి, ఉచ్చలోని ఉప్పు అది. తర్వాత కూడా అలాగే వస్తుంటే పాలు చాలడం లేదని గుర్తు. ఆడపిల్ల పుడితే మొదటి వారంలో కింద తెల్లగా గానీ, ఒకటి రెండు చుక్కలు ఎర్రగా గానీ కనబడవచ్చు. తల్లి హార్మోన్లు బిడ్డ ఒంట్లోంచి తగ్గిపోతున్నప్పుడు అలా అవుతుంది, దానంతటదే పోతుంది.

గుడ్డలు ఎక్కడివి అంటారా? పుట్టకముందు బిడ్డకి ఏమీ కొనకూడదని మన ఇళ్ళల్లో పట్టింపు కదా, మంచిదే, కొనొద్దు. తాతగారి పాత పొందూరు పంచె ఉంటే బీరువాలోంచి తియ్యండి, ఉతికి ఉతికి నలిగిన ఆ ఖద్దరంత మెత్తన, అంత పీల్చేది దుకాణంలో దొరకదు. కానీ ఒకటి, ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన గుడ్డలు నేరుగా బిడ్డకి వాడకండి. ఇది చాలామందికి తెలియదు. కొందరు పిల్లలకి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువ ఉంటుంది, ఆ ఉండల్లోని నాఫ్తలీన్ తగిలితే రక్తకణాలు పగిలి కామెర్లు విపరీతంగా పెరుగుతాయి. ఎవరికి ఉందో మొహం చూసి చెప్పలేం. కాబట్టి బాగా ఉతికి, ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వాడండి. పసిపిల్లల బట్టల దగ్గర ఆ ఉండలు పెట్టడం పూర్తిగా మానేయండి.

ఇప్పుడు అల్లుళ్ళ సంగతి. (నవ్వులు) తొలి కాన్పుకి అమ్మాయి కన్నవారింటికి వెళుతుంది, మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా అక్కడే. నువ్వేమో వైజాగులోనో హైదరాబాదులోనో ఉద్యోగం, శనివారం రాత్రి దిగి సోమవారం తెల్లారేసరికి వెళ్ళిపోతావు. ఆ ఒక్క రోజూ మీ అత్తగారు నీకు గారెలు వండి పెడుతుంది గానీ గుడ్డ ముట్టుకోనిస్తుందా? "అయ్యో, అల్లుడుగారి చేత ముడ్డి కడిగించడమేటి, ఎవరైనా చూస్తే నవ్విపోరా" అంటుంది. నువ్వు కూడా హమ్మయ్య అనుకుంటావు. మూడు నెలలయ్యాక భార్యాబిడ్డలు నీ దగ్గరికొస్తారు, అమ్మాయికి అన్నీ వచ్చు, నీకు ఒక్కటీ రాదు, ఇక ఆ పని ఎప్పటికీ ఆమెదే. ఇళ్ళల్లో గొడవలు ఇక్కడి నుంచే మొదలవుతాయి, నా మాట నమ్మండి. పురుడు, మైల అని పదకొండు రోజులు పాటించే ఇళ్ళున్నాయి, వాళ్ళ ఆచారం వాళ్ళది, నేను దాని జోలికి పోను. ఆ తర్వాత వెళ్ళినప్పుడైనా ఆదివారం పూట గుడ్డలు మార్చే పని నాది అని అత్తగారికి నవ్వుతూ చెప్పండి. అమ్మాయిలూ, మీరు కూడా పక్కన నిలబడి "అలా కాదు, ఇలా" అని తప్పులు పట్టకండి. వంకరగా కట్టనివ్వండి, కారితే కారుతుంది.

సరే, మార్చడం. ముందు అన్నీ దగ్గర పెట్టుకున్నాకే బిడ్డని పడుకోబెట్టాలి. మంచం మీద వద్దు, నేల మీద చాప, దాని మీద బొంత, దాని మీద రబ్బరు షీటు. నేల మీద నుంచి ఎవరూ కింద పడరు. మంచం మీద పెట్టి గిన్నెలో నీళ్ళకి వెళ్ళిరావడం, ఆ అర నిమిషంలోనే పడతారు పిల్లలు. విప్పిన వెంటనే పూర్తిగా లాగెయ్యకండి, ముందు భాగంతోనే ఒకసారి కిందికి తుడిచి, దాన్ని సగానికి మడిచి నడుం కిందే ఉంచండి, మధ్యలో మళ్ళీ పోసినా అందులోనే పడుతుంది. మగపిల్లాడైతే మీద ఒక గుడ్డ కప్పండి, గాలి తగలగానే పైకి చిమ్ముతాడు, చొక్కాలు తడిసిన తండ్రుల్ని చాలామందిని చూశాను. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో తుడవండి. ఆడపిల్లకి ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే, వెనక నుంచి ముందుకి వస్తే దొడ్డిలోని క్రిములు ఉచ్చ దారిలోకి వెళతాయి. మగపిల్లాడికి ముందరి చర్మం వెనక్కి లాగి కడగక్కర్లేదు, బలవంతం అసలు చెయ్యొద్దు. తొడ మడతల్లో తడి లేకుండా అద్దండి, రుద్దొద్దు. రెండు నిమిషాలు గాలికి వదిలేసి కొత్తది వెయ్యండి. బొడ్డు ఊడేదాకా డైపర్ అంచు బొడ్డు కిందికి మడవాలి. బొడ్డు మీద పసుపు, బూడిద, నూనె ఏదీ వద్దు. తర్వాత సబ్బుతో చేతులు. పసిపిల్లల దొడ్డిలో ఏముంటుందిలే అనుకుంటారు, పెద్దవాళ్ళ దాంట్లో ఉండే రోగక్రిములు అందులో కూడా ఉంటాయి.

ఒక చీటీలో రాశారు, డైపర్ వేసినా వీపు దాకా పాకిపోతుందట కదా, అప్పుడేం చెయ్యాలని. పాకుతుంది. పలచటి దొడ్డి, వెల్లకిలా పడుకున్న బిడ్డ, ముందు బిగుతుగా ఉంటే వెనక నుంచే దారి చూసుకుంటుంది. సైజు చిన్నదైపోయిందేమో ముందు అది చూడండి, ప్యాకెట్ మీద కిలోల లెక్క ఉంటుంది, నెలల లెక్క కాదు. తొడల దగ్గర కుచ్చు లోపలికి మడతపడిపోతే అక్కడి నుంచి కారుతుంది, వేలు పెట్టి చుట్టూ బయటికి తియ్యాలి. నడుం దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులు చాలు. ఇక బట్టలు, మన పాతకాలపు ముడుల జబ్లాలే మేలు, ముడి విప్పితే ఊడొస్తుంది. ఇప్పుడు కొంటున్న తల మీంచి తొడిగే రకాలైతే భుజాల దగ్గర వెడల్పుగా సాగేవి తీసుకోండి, అవి పైకి లాగకుండా భుజాల మీంచి కిందికి దింపెయ్యొచ్చు, లేదంటే వీపు మీది సరుకంతా జుట్టుకి అంటుతుంది.

డైపర్ వేస్తే కాళ్ళు దొడ్డికాళ్ళు, అంటే వంకరకాళ్ళు, అవుతాయా అని ఒకరు. అవ్వవు. పుట్టిన పిల్లలందరి కాళ్ళూ కొంచెం వంగే ఉంటాయి, నడక వచ్చాక రెండేళ్ళ వయసుకి అవే సర్దుకుంటాయి. తొడలు విచ్చుకుని కప్పలా ఉండటమే తుంటికి మంచిది. కాళ్ళు చాపించి బిగించి చుట్టడమే ప్రమాదం.

ఒరుపు గురించి, అంటే డైపర్ ర్యాష్ గురించి చెప్పి ముగిస్తాను. తడి, దొడ్డిలోని రసాలు, రాపిడి, ఈ మూడూ కలిస్తే చర్మం ఎర్రబడుతుంది. ఉచ్చతో తడిసిన డైపర్ మూడు నాలుగు గంటలకి మార్చండి, దొడ్డి అయితే ఆ క్షణమే, రాత్రయినా సరే. ఎర్రబడితే రోజులో వీలైనన్నిసార్లు ఏమీ వెయ్యకుండా గాలికి వదిలి, మార్చినప్పుడల్లా జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము మందంగా రాయండి. పౌడరు వద్దు. ముడ్డికీ మెడకీ తెల్లగా పట్టించేస్తారు మనవాళ్ళు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది, పైగా తడికి ఉండకట్టి ఇంకా ఒరుస్తుంది. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, మడతల్లోపలికి కూడా పాకి చుట్టూ చిన్నచిన్న ఎర్రటి పొక్కులు వచ్చినా అది ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరే. ఇక్కడ ఒక్కటి గట్టిగా చెబుతున్నాను, మందుల షాపువాడు "అన్నిటికీ పనిచేస్తుంది" అని ఇచ్చే ట్యూబు రాయకండి. వాటిలో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, రెండు రోజులు తగ్గినట్టు కనబడి పసి చర్మాన్ని పలచన చేసేస్తుంది. డాక్టరు రాసిందే వాడండి.

ఇక నిజంగా భయపడాల్సినవి. తెల్లగా, సున్నం కలిపినట్టో పాలిపోయిన బంకమట్టిలానో దొడ్డి వస్తుంటే, ఉచ్చ గుడ్డ మీద ముదురు పసుపు మరక వేస్తుంటే, రెండు వారాలు దాటినా కళ్ళు పచ్చగానే ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. కాలేయం నుంచి పైత్యరసం వచ్చే గొట్టాలు మూసుకుపోయే జబ్బు ఒకటుంది, దానికి ఆపరేషను 60 రోజుల్లోపు చేస్తే మంచి ఫలితం ఉంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ కాలేయం పాడవుతుంది. పసిబిడ్డ ఉచ్చకి అసలు రంగే ఉండకూడదు. ఆకుపచ్చ దొడ్డి ఫర్వాలేదు, ఐరన్ చుక్కలు వేస్తే నల్లబడుతుంది అదీ ఫర్వాలేదు, కానీ మందులేమీ లేకుండా మొదటి వారం తర్వాత నల్లగా వస్తే, ఎర్రగా రక్తం కనబడితే ఆసుపత్రికే. ఎప్పటికంటే నీళ్ళగా, ఎక్కువసార్లు వెళుతూ, పాలు తాగక, మగతగా, ఉచ్చ తగ్గిపోయి ఉంటే అవీ అసలైన విరేచనాలు. మూడు నెలల్లోపు బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అంతే. గుడ్డ కడగకుండా సంచిలో పెట్టి తీసుకురండి, లేదా పగటి వెలుగులో ఫోటో తియ్యండి. "అదోలా ఉంది డాక్టరుగారూ" అంటే ఆయనకేం అర్థమవుతుంది?

ఏమైనా అడగాలా? చెప్పమ్మా.

(ప్రశ్న: మా అత్తగారు మొదటి రోజే ఆముదం పోస్తే కడుపు శుభ్రమవుతుందంటున్నారు. ఎదురు చెప్పలేను.)

నువ్వు ఎదురు చెప్పకు, మీ ఆయన చేత చెప్పించు, అతనికి అమ్మే కదా. లేదా నా పేరు చెప్పు. ఆవిడ చెడు చెయ్యాలని చెప్పడం లేదు, ఆవిడకి వాళ్ళత్తగారు పోసింది, పిల్లలు బతికారు. కానీ మింగడం సరిగా రాని బిడ్డకి నూనె పోస్తే పొరపోయి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది, న్యుమోనియాతో వార్డుకొచ్చిన పిల్లల్ని చూశాను. ఆముదం, వసకొమ్ము, గ్రైప్ వాటర్, ఆఖరికి మంచినీళ్ళు కూడా ఆరు నెలల దాకా వద్దు, తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దు. ఆవిడకి వేరే పని అప్పగించు, పొత్తిగుడ్డలు చింపి, అంచులు కుట్టి పెట్టమను, లెక్క చూడమను. పెద్దవాళ్ళకి పని లేకపోతేనే ఇలాంటివి గుర్తొస్తాయి.

(ప్రశ్న: వానాకాలం కాన్పు. గుడ్డలు ఆరవు కదండీ?)

ఆరవు. అక్టోబరు, నవంబరుల్లో మనకి ముసురు పట్టిందంటే వారం ఎండ ఉండదు, తుపాను వస్తే కరెంటూ ఉండదు. తిత్లీ తుపానప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఆ రోజుల్లో బాలింతలున్న ఇళ్ళు ఎన్ని పాట్లు పడ్డాయో. ఆ నెలల్లో కాన్పు ఉన్నవాళ్ళు ఒక పెద్ద ప్యాకెట్ డైపర్లు అదనంగా ఉంచుకోండి. సగం తడి గుడ్డ మాత్రం కట్టకండి, ఫంగస్ అందులోంచే వస్తుంది. ఇస్త్రీ చేస్తే ఆ చివరి తడి పోతుంది. ఉతికేటప్పుడు దొడ్డి ముందు మరుగుదొడ్డిలో దులిపి, మామూలు సబ్బు పెట్టి, సబ్బు పోయేదాకా జాడించండి, ఫినాయిలు అక్కర్లేదు.

(ప్రశ్న: వాడిన డైపర్లు ఎక్కడ పడెయ్యాలి? మా వీధిలో కాలవలో వేస్తున్నారు.)

చూస్తున్నాను బాబూ, చెరువు గట్ల మీద కూడా చూస్తున్నాను. కాలవలో వేస్తే ఆ జెల్లు ఉబ్బి కూర్చుంటుంది, మొదటి వానకి నీళ్ళు మీ గుమ్మంలోకే వస్తాయి. మరుగుదొడ్డిలో కూడా వెయ్యకూడదు. లోపలి దొడ్డి మాత్రం మరుగుదొడ్డిలో దులిపి, డైపర్‌ని చుట్టి దాని అంటులతోనే బిగించి, పేపర్లో పొట్లం కట్టి వేరేగా ఇవ్వండి. 2016 నాటి చెత్త నిర్వహణ నియమాల్లోనే ఉండేది, డైపర్లు ఇలా పొట్లం కట్టి ఇవ్వాలని, ఆ పొట్లానికి కవర్లు తయారుచేసేవాళ్ళే ఇవ్వాలని. కవర్లు ఇచ్చేవాళ్ళని నేను పెద్దగా చూడలేదు గానీ, పేపరు మన ఇంట్లోనే ఉంటుంది. విప్పి ఉన్నదాన్ని చెత్త బండి మీది మనిషి చేత్తో తీస్తాడు, అది గుర్తుపెట్టుకుంటే చాలు.

సరే, ఆ బల్ల మీద రెండు బొమ్మలు, గుడ్డలు, డైపర్లు ఉన్నాయి. ఆవపొడి, పెరుగు కలిపి కొన్నిటికి ముందే పూసి ఉంచాం. (నవ్వులు) మగవాళ్ళు ముందు రండి. చేతి గడియారాలు తీసి పక్కన పెట్టండి, చొక్కా చేతులు మడవండి. ఆ మొదటి చీటీ రాసిన బాబు ఎవరో గానీ, వరసలో మొదట నిలబడితే మంచిది.